హెచ్‌ఓ వంతెన కొలతలు: ఎక్కడ భాగించాలి, ఎక్కడ ఆపాలి

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుణుపూర్‌లో డిప్లొమా చదువుకుంటూ ఇంట్లో బల్లమీద రాయగడ చుట్టుపక్కల రైలు దారిని హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలుదానిలో దాదాపు 87వ వంతు సైజులో, కడుతున్నావు. నాగావళి మీద పెట్టడానికి ఒక ట్రస్ వంతెన, అంటే కడ్డీలను త్రిభుజాలుగా అల్లిన వంతెన, మొదలుపెట్టావు. దొరికిన డ్రాయింగు పాతది, కొలతలన్నీ అడుగులు, అంగుళాల్లో ఉన్నాయి. బేరింగుల (స్తంభాల మీద వంతెన ఆనే దిమ్మల) మధ్య 206 అడుగుల 8 అంగుళాలు, మొత్తం 8 గడులు (ట్రస్ పొడవులో సమాన భాగాలు), ఒక్కో గడి 25 అడుగుల 10 అంగుళాలు, లోపలి వెడల్పు 15 అడుగుల 9 అంగుళాలు. అన్నిటినీ మీటర్లలోకి మార్చి 87తో భాగించావు. అప్పుడు మూడు తేడాలు వచ్చాయన్నావు. గడులన్నీ కలిపితే మొత్తం పొడవు కంటే 2 సెంటీమీటర్ల పైనే తగ్గింది. వంతెన లోపల పట్టాలు ఇరుకుగా, అతకనట్టు కనబడుతున్నాయి. పొడుగు రైలు పెట్టె వంతెన గుమ్మానికి గీసుకుంటోంది. 'ఫార్ములా తప్పా?' అని అడిగావు.

ఫార్ములా తప్పు కాదు. ఆ మూడు తేడాలకు మూడు వేరువేరు కారణాలు ఉన్నాయి. నేను ముప్పై ఏళ్ళు వంతెనల డ్రాయింగులు గీసి రిటైరయ్యాను. రాయగడలోనే స్థిరపడి ఇప్పుడు ఈ చిన్న వంతెనలు చేసుకుంటున్నాను. పెద్ద వంతెనల దగ్గర నేర్చుకున్నది చిన్నవాటికి చాలావరకు పనికొచ్చింది. పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

ముందు ఆ 2 సెంటీమీటర్ల సంగతి. నీ లెక్క నేను మళ్ళీ వేసి చూశాను. 25 అడుగుల 10 అంగుళాలను క్యాలిక్యులేటర్లో 25.10 అని కొట్టావు. అడుగుకు పన్నెండు అంగుళాలు కదా, 10 అంగుళాలంటే 0.83 అడుగు. అంటే అక్కడ కొట్టాల్సింది 25.83. అదే 206 అడుగుల 8 అంగుళాలను 206.8 అని కొట్టావు, నిజానికి అది 206.67. ఇక్కడ తప్పు చిన్నది కాబట్టి బయటపడలేదు. గడి దగ్గర మాత్రం ముప్పావు అడుగు పోయింది. అది ఎనిమిది గడుల్లో ఎనిమిదిసార్లు పోయింది. తప్పు కొట్టిన అంకెలతో మొత్తం పొడవు 724 మి.మీ. దగ్గర వస్తుంది, గడులు కలిపితే 703 దగ్గర ఆగిపోతాయి. నీకు వచ్చిన తేడా సరిగ్గా అదే.

దీనికి సిగ్గుపడకు. నా మొదటి వంతెనలో 7 అడుగుల 11 అంగుళాలను 7.11 అని రాసుకుని, అడ్డ దూలాలన్నీ దాదాపు 3 మి.మీ. పొట్టిగా కోసేశాను. పన్నెండు ముక్కలు, రెండు ఆదివారాల పని, మొత్తం పారేశాను. పూర్తి సైజు పనిలో ఇలాంటి తప్పు చేయలేదు, ఎందుకంటే అక్కడ ప్రతి డ్రాయింగునూ ఇంకొకరు చూసేవారు. ఇంట్లో చూసేవాళ్ళు లేరు. అప్పటినుంచి ఏ లెక్కనైనా రెండు దారుల్లో చేసి సరిచూసుకుంటాను. నువ్వూ అలా చెయ్యి.

ఆ రెండో దారి హెచ్‌ఓలో చాలా తేలిక. ఈ స్కేలు పుట్టిందే అడుగుకు 3.5 మి.మీ. అనే లెక్కతో. ఓ స్కేలులో అడుగుకు 7 మి.మీ. ఉండేది, దాన్ని సగం చేస్తే హెచ్‌ఓ అయింది. పేరులోని హెచ్ అక్షరం ఆ సగానిదే. ఒక అడుగు 304.8 మి.మీ., దాన్ని 3.5తో భాగిస్తే 87.086 వస్తుంది. అందుకే 1:87.1 అంటారు. 87 వాడినా కొంప మునగదు, 700 మి.మీ. పొడవులో తేడా ఒక మిల్లీమీటరు లోపే. కానీ ఒక వంతెనకు ఒకటే వాడు, సగం 87తో సగం 87.1తో చెయ్యకు. అడుగుల డ్రాయింగు చేతిలో ఉంటే మీటర్లలోకి వెళ్ళే పనే లేదు: అడుగులు ఇంటూ 3.5, అంతే. అంగుళానికి 0.29 మి.మీ. అలా చేస్తే నీ మొత్తం పొడవు 723.3 మి.మీ., గడి 90.4 మి.మీ., లోపలి వెడల్పు 55.1 మి.మీ.

మన రైల్వే ప్రామాణిక స్పాన్లు (ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి దాటే దూరాలు) ఇప్పుడు మీటర్లలో రాస్తున్నా వాటి పుట్టుక అడుగుల్లోనే. 12.2, 18.3, 24.4, 30.5, 45.7, 61.0, 76.2 మీటర్లు అని చూస్తావు కదా, అవి వరసగా 40, 60, 80, 100, 150, 200, 250 అడుగులు. హెచ్‌ఓలో 140, 210, 280, 350, 525, 700, 875 మి.మీ. ఈ ఏడు అంకెలు గోడమీద రాసి పెట్టుకో. అయితే ఇవి స్తంభాల ముఖాల మధ్య ఉండే ఖాళీ జాగా కొలతలు. గడ్డర్ (స్తంభాల మీద ఆని బరువు మోసే వంతెన ఒళ్ళు) బేరింగుల మధ్య దూరం దీనికంటే ఎక్కువ ఉంటుంది, గడ్డర్ మొత్తం పొడవు ఇంకా ఎక్కువ. నీ డ్రాయింగులో 206 అడుగుల 8 అంగుళాలు అని ఉన్నది బేరింగుల మధ్య దూరం, 200 అడుగుల స్పాన్‌కు సంబంధించినది. స్తంభాలను 723 దూరంలో నిలబెట్టి, తర్వాత గడ్డర్ అంచులు గాల్లో ఉన్నాయని బాధపడినవాళ్ళను చూశాను. ఏ కొలత దేని నుంచి దేనికో డ్రాయింగు మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాకే కత్తి పట్టుకో.

గడి 90.4 అన్నాను. స్కేలు మీద 0.4 కనబడదు కాబట్టి 90 అనుకుని ఎనిమిది ముక్కలు కోస్తావు. అప్పుడు 720 అవుతుంది, మళ్ళీ 3 మి.మీ. పొట్టి. ఈ రకం తప్పు ఏ క్యాలిక్యులేటరూ పట్టుకోదు. అందుకే గడి గడికీ కొలవకూడదు. ఒక కొసలో సున్నా పెట్టి, స్కేలు కదపకుండా అక్కడినుంచే అన్ని గుర్తులూ పెట్టాలి: 90.4, 180.8, 271.3, 361.7, 452.1, 542.5, 632.9, 723.3. ఒక్కో గుర్తులో పావు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా అది అక్కడితో ఆగిపోతుంది, పక్క గడికి పాకదు. పెద్ద వంతెన స్తంభాలకు ముగ్గు వేసేటప్పుడు కూడా మేము చేసింది ఇదే. ప్రతి స్తంభాన్నీ ముందు స్తంభం నుంచి కొలవం, ఒడ్డున పాతిన ఒక రాయి నుంచి కొలుస్తాం.

ఏటవాలు కడ్డీల పొడవు లెక్క వెయ్యకు. కాగితం మీద ట్రస్‌ను మోడల్ సైజులోనే గీసి, ఆ గీత మీదే పుల్లలు పెట్టి కోసుకో. కోణాలు ఏ స్కేలులోనూ మారవు. ఒకతను 60 డిగ్రీలను కూడా 87తో భాగించబోయాడు, అందుకే చెబుతున్నాను. వాలు కూడా మారదు. కొత్తవలస, కిరండూల్ లైనులో ఘాట్ మీద 1కి 60 వాలు ఉంది. నీ బల్లమీద కూడా అది 1కి 60 మాత్రమే, 60 సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు ఎత్తు. గడుల లెక్క, స్లీపర్ల లెక్క, రివెట్ల వరసల లెక్క కూడా అంతే, అవి కొలతలు కావు.

గీసిన కాగితాన్ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తే ఇంకో ఉచ్చు ఉంది. మిషను తనంతట తానే కాగితానికి సరిపడా కుదిస్తుంది. నాకు ఒకసారి 97 శాతం అయి వచ్చింది. 700 ఉండాల్సింది 679 ఉంది, చూడకుండా అతికించేశాను. ఇప్పుడు ప్రతి డ్రాయింగు అంచునా 100 మి.మీ. గీత ఒకటి గీస్తాను. ప్రింటు చేతికి రాగానే షాపులోనే దాన్ని కొలుస్తాను. వేరే స్కేలు డ్రాయింగు దొరికితే భయపడక్కర్లేదు. డబుల్ ఓ, అంటే అడుగుకు 4 మి.మీ. డ్రాయింగును 87.5 శాతానికి తగ్గిస్తే హెచ్‌ఓ అవుతుంది. అమెరికా వాళ్ళ 1:48 ఓ స్కేలు డ్రాయింగును 55 శాతానికి తగ్గించు. హెచ్‌ఓ నుంచి 1:160 ఎన్ స్కేలుకు వెళ్ళాలంటే 54.4 శాతం. పాత స్కేలు అంకెను కొత్త స్కేలు అంకెతో భాగించడమే లెక్క.

ఇక పట్టాలు ఇరుకుగా కనబడటం. నీ కన్ను సరిగ్గానే పట్టుకుంది. హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మి.మీ. ఉంటుంది. 87.1తో గుణిస్తే 1437 మి.మీ., అంటే యూరప్, అమెరికాల 1435 మి.మీ. గేజ్. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., 5 అడుగుల 6 అంగుళాలు. అది హెచ్‌ఓలో 19.25 మి.మీ. ఉండాలి. నీ వంతెన మన కొలతలది, నీ పట్టా వాళ్ళ కొలతలది, మధ్యలో 2.75 మి.మీ. తేడా. వంతెన బయట ఇది కనబడదు. రెండు ట్రస్‌ల మధ్య, కింద ఖాళీ కనబడే చోట కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది 19.25 మి.మీ. పట్టా సొంతంగా వేసి, ఇంజన్ల చక్రాలన్నీ విడదీసి జరపడం. చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఓపికకు దణ్ణం పెడతాను, నీకు మాత్రం ఇప్పుడే వద్దు. రెండోది వంతెనను, పెట్టెలను అన్నిటినీ 1:100లో చేయడం. 1676ను 100తో భాగిస్తే 16.76, అంటే బజారులో దొరికే 16.5 పట్టాకు దాదాపు సరిపోతుంది. ఇళ్ళ మోడళ్ళు చేసేవాళ్ళ స్కేలు కూడా అదే కాబట్టి మనుషులు, చెట్లు దొరుకుతాయి. రైలు పెట్టెలు మాత్రం నువ్వే చేసుకోవాలి. మూడోది నేను పాటించేది: పట్టా 16.5గానే ఉంచి, వంతెనను 87.1తోనే చేసి, పట్టా కింద పొడవునా ఉండే దూలాలను మాత్రం 16.5 పట్టాకు సరిగ్గా కింద ఉండేలా లోపలికి జరపడం. అసలు వంతెనలో బరువు పట్టా నుంచి స్లీపరుకు, స్లీపరు నుంచి దూలానికి దిగుతుంది. దూలం పట్టాకు దూరంగా కనబడితే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడా అనిపిస్తుంది. నీకు అతకనట్టు కనబడుతున్నది అదే. స్లీపర్ల పొడవు తగ్గించకు. మన చెక్క స్లీపరు 2740 మి.మీ. పొడవు, 250 వెడల్పు, 130 మందం. హెచ్‌ఓలో 31.5, 2.9, 1.5 మి.మీ. వస్తాయి.

మందం దగ్గర భాగించడం ఆపెయ్యాలి. 10 మి.మీ. ఇనుప ప్లేటు హెచ్‌ఓలో 0.11 మి.మీ. అవుతుంది, రాసే కాగితం మందం. దానితో గడ్డర్ చేస్తే వానాకాలం తేమకే వంకర పోతుంది. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు అసలు లెక్కలో 43 మి.మీ. ప్లేటుతో సమానం. అయినా ఎవరికీ తెలియదు, ఎందుకంటే కన్ను ప్లేటు అంచును చూడదు, ప్లేటు వెడల్పును, నీడను చూస్తుంది. అందుకని బయటికి కనబడే వెడల్పులు, ఎత్తులు ఖచ్చితంగా భాగించు, మందం చేతికి ఏది నిలబడితే అది పెట్టు. పట్టాలు కూడా అంతే. మీటరుకు 60 కేజీల పట్టా ఎత్తు 172 మి.మీ., హెచ్‌ఓలో 1.97. బజారులో కోడ్ 75 అనేది 1.9 మి.మీ., కోడ్ 83 అనేది 2.1, రెండూ బాగుంటాయి. కోడ్ 100 అంటే 2.54 మి.మీ., వంతెన మీద మోటుగా కనబడుతుంది.

బరువు లెక్క వేరే. పొడవు 87.1వ వంతు అయితే బరువు దాని ఘనం వంతు, అంటే దాదాపు 6,60,000వ వంతుకు తగ్గుతుంది. 112.8 టన్నుల డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను లెక్కప్రకారం 171 గ్రాములు ఉండాలి. నా దగ్గరున్న ఇంజను తూకం వేస్తే 400 గ్రాములు దాటింది, పట్టు కోసం లోపల బరువు పెడతారు. అంటే నీ చిన్న వంతెన మోసే బరువు స్కేలు లెక్క కంటే రెట్టింపు పైనే. ఇనుముతో చేసిన మోడల్ అయితే దీన్ని లెక్కచెయ్యదు, నీది సన్‌బోర్డు, ప్లాస్టిక్. 723 మి.మీ. పొడవులో ఆరు నెలలకు నడుము దిగుతుంది. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో తుక్కుగా పడేసే ఎల్ యాంగిల్ ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, పట్టా కింద దూలాల మధ్య దాచు. 

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, పెట్టె గీసుకోవడం. ఇక్కడ నీ లెక్క సరైనదే, సరైన లెక్కే నిన్ను ముంచింది. ఎందుకంటే వంతెనను 87వ వంతు చేశావు, పెట్టెను 87వ వంతు చేశారు, పట్టా వంపును మాత్రం ఎవరూ చెయ్యలేదు. మన బ్రాడ్‌గేజ్‌లో అన్నిటికన్నా బిగువైన వంపు 10 డిగ్రీలు, 175 మీటర్ల వ్యాసార్ధం. అది హెచ్‌ఓలో 2 మీటర్లు కావాలి. బజారులో కొనే రైలు సెట్టులో వచ్చే వంపు పట్టా వ్యాసార్ధం 438 మి.మీ., అసలు లెక్కలో 38 మీటర్లు. అలాంటి వంపులో అసలు పెట్టె తిరగనే తిరగదు.

ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె ఒళ్ళు 21.337 మీటర్లు, హెచ్‌ఓలో 245 మి.మీ. కింద రెండు చక్రాల సెట్ల మధ్య 169.7 మి.మీ. (మనం పెట్టెను బోగీ అంటాం గానీ రైల్వేలో బోగీ అంటే ఈ చక్రాల సెట్టే.) వంపు మీద ఆ రెండు సెట్లూ పట్టాను పట్టుకుంటాయి, మధ్యలో ఒళ్ళు లోపలికి జరుగుతుంది, కొసలు బయటికి తన్నుకొస్తాయి. ఎంత జరుగుతుందంటే, చక్రాల సెట్ల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించు. 438 వంపు మీద 8.2 మి.మీ. వస్తుంది. కొసలకు, ఒళ్ళు పొడవు వర్గంలోంచి సెట్ల దూరం వర్గం తీసేసి అదే ఎనిమిది రెట్లతో భాగిస్తే 8.9 మి.మీ. పెట్టె వెడల్పు 37.3, సగం 18.6. రెండూ కలిపితే పట్టా మధ్య నుంచి 27.5 మి.మీ. దూరం దాకా కొస తిరుగుతుంది. నీ వంతెన లోపలి వెడల్పు 55.1, అందులో సగం 27.55. పట్టా ఒక మిల్లీమీటరు పక్కకు ఉంటే చాలు, గీసుకోవలసిందే.

అసలు దారిలో 8 డిగ్రీల వంపు మీద కూడా ఈ మధ్య జరుగుడు 12 సెంటీమీటర్లు, అంటే హెచ్‌ఓలో మిల్లీమీటరున్నర లోపే. అందుకే అసలు వంతెన ఆ వెడల్పుతో బతికిపోతుంది.

వంతెనను వెడల్పు చెయ్యమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. ట్రస్ అందమంతా పెట్టె దాన్ని నిండుగా దాటడంలో ఉంది, వదులు చొక్కా తొడిగినట్టు ఉంటే చూడలేం. దానికి బదులు వంపు అయిపోయాక కనీసం ఒక పెట్టె పొడవు, కొసల బఫర్లతో కలిపి 256 మి.మీ., తిన్నని పట్టా వేసి ఆ తర్వాత గుమ్మం పెట్టు. వెనక చక్రాల సెట్టు కూడా తిన్నని పట్టా మీదికి వచ్చేస్తే కొస తన్నుకురావడం సున్నా. జాగా లేకపోతే వంపు మీద ట్రస్ మానేసి, పట్టా పైన ఉండి గడ్డర్ కింద ఉండే రకం పెట్టు, 60 అడుగులవి, 210 మి.మీ. చొప్పున. అక్కడ పక్కన తగిలేది ఏమీ ఉండదు. ఘాట్ లైనుల్లో వంపుల మీద చిన్న చిన్న స్పాన్లు వరసగా పెట్టింది కూడా ఇందుకే. గడ్డర్ వంగదు, అది తిన్ననిదే.

అసలు వంతెన కొలతలు ఎలా తీసుకోవాలన్నది నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. టేపు పట్టుకుని వంతెన ఎక్కకు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. దానికంటే ముందు ప్రాణం సంగతి, వంతెన మీద పక్కకు దూకే జాగా ఉండదు. ఒడ్డున నిలబడి ఫోటో తియ్యి. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళినప్పుడు నాగావళి వంతెనను చూసే ఉంటావు. ఆ వంతెన కట్టేటప్పుడు నిలబడక పడిపోతుంటే అమ్మవారు ఇంజనీరు కలలోకి వచ్చి గుడి కట్టమందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా ఆ లైను 1931లో పూర్తయింది. గూడ్స్ బండి వెళ్ళేటప్పుడు ఫోటో తీస్తే బండే నీ కొలబద్ద. బాక్స్‌ఎన్ అనే పైకప్పు లేని గూడ్స్ వ్యాగన్ కప్లింగు నుంచి కప్లింగుకు 10.713 మీటర్లు. ఒక స్పాన్‌లో ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టు. ఆరుకు కాస్త తక్కువ పడితే అది నీ 63 మీటర్ల గడ్డర్ లాంటిదే. ఎదురుగా, తిన్నగా, వీలైనంత దూరం నుంచి తియ్యి. బండి ట్రస్‌కు రెండున్నర మీటర్లు వెనక ఉంటుంది కాబట్టి, 25 మీటర్ల దూరంలో నిలబడితే లెక్క పదో వంతు తప్పుతుంది. 100 మీటర్లకు వెళితే నలభయ్యో వంతు. జూమ్ చేసి తియ్యి, దగ్గరికి వెళ్ళి కాదు.

ఇంకొక మాట, నువ్వు గుణుపూర్ వాడివి కాబట్టి. మీ ఊరికి వచ్చిన చిన్న బండి లైను, నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైనది, 762 మి.మీ. గేజ్. దాన్ని 87.1తో భాగించి చూడు, 8.75 మి.మీ. వస్తుంది. ఎన్ స్కేలు పట్టా 9 మి.మీ. బ్రాడ్‌గేజ్ దగ్గర 2.75 తేడాతో మనం రాజీపడుతుంటే, ఇక్కడ పావు మిల్లీమీటరే తేడా. హెచ్‌ఓ మనుషులు, హెచ్‌ఓ చెట్లు, ఎన్ పట్టా. 40 అడుగుల గడ్డర్ 140 మి.మీ., పరీక్షల మధ్యలో కూడా ఒక వారంలో అయిపోతుంది. 2004లో ఆగిపోయిన ఆ బండి ఫోటోలు మీ ఊళ్ళో పాత ఇళ్ళల్లో ఉంటాయి, అడుగు. ఫోటోలో వంతెన పక్కన ఎవరైనా నిలబడి ఉంటే వదలకు. 5 అడుగుల 6 అంగుళాల మనిషి అనుకో, హెచ్‌ఓలో 19.25 మి.మీ. స్తంభం అతనికి ఎన్ని రెట్లు ఉందో ఫోటో మీద స్కేలు పెట్టి చూడు.